రంగు పట్టని ఎముకలు: బంగారు తీగా, గోల్డ్‌ఫిషా తేల్చిన ఒక కేసు

నేపథ్యం

మంచినీటి చేపపిల్లల్ని గుర్తుపట్టి చెప్పడం మా పని. సర్వే చేసేవాళ్లు సన్నకన్ను వలలతో పట్టిన పిల్లల్ని సీసాల్లో వేసి పంపుతారు. అవి ఏ జాతివో తేల్చి మేం రాసి పంపుతాం. పెద్ద చేప అయితే పొలుసులు లెక్కపెట్టి, మీసాలు చూసి, నోటి తీరు చూసి నిమిషాల్లో చెప్పేయొచ్చు. రెండు సెంటీమీటర్లు కూడా లేని పిల్లలో ఆ గుర్తుల్లో సగం ఇంకా పుట్టి ఉండవు. పుట్టినవాటిలో కొన్ని మందులో నాని చెరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు ఒంటిని గాజులా పారదర్శకంగా చేసి, ఎముకలకు రంగు పట్టించి, లోపలి అస్థిపంజరాన్ని చదవాల్సి వస్తుంది.

ఈ కేసు లోతు తక్కువున్న ఒక సరస్సుది. దాని బాధ్యత చూసే బృందం కొన్నేళ్ల క్రితం అందులోంచి బంగారు తీగను, అంటే కామన్ కార్ప్‌ను, పూర్తిగా తీసేసింది. ఆ చేప తిండి కోసం అడుగు బురదను పెళ్లగిస్తుంది, నీటి మొక్కల వేళ్లు ఊడగొడుతుంది, నీళ్లు ఎప్పుడూ మురికిగానే ఉంటాయి. చేపను తీసేశాక నీళ్లు తేరుకున్నాయి, మొక్కలు మళ్లీ మొలిచాయి. అంతా బాగుందనుకున్న సమయంలో మామూలు సర్వే వలలో చిన్న పిల్లలు పడ్డాయి. చూడ్డానికి కార్ప్ వాలకమే.

బృందంలో కొందరు అవి గోల్డ్‌ఫిష్ పిల్లలన్నారు. ఇళ్లలో పెంచుకున్న గోల్డ్‌ఫిష్‌ను ఎవరో తెచ్చి వదిలేయడం ఎక్కడైనా జరిగేదే కాబట్టి ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. గోల్డ్‌ఫిష్ అయితే కొత్తగా వదలకుండా చూసుకుని, ఉన్నవాటిని మెల్లగా పట్టుకోవచ్చు. బంగారు తీగ అయితే మాత్రం పెద్ద చేపలు సరస్సులో ఎక్కడో మిగిలి ఉన్నట్టు, లేదా నీళ్లు వచ్చే దారిలో కట్టిన అడ్డు పనిచేయడం లేదన్నట్టు. ఖర్చు, శ్రమ మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే సీసా మూత తీయకముందే ఒక విషయం రాసి పెట్టుకున్నాం. ఇక్కడ రెండు తప్పుల బరువు ఒకటి కాదు. గోల్డ్‌ఫిష్‌ను బంగారు తీగ అంటే బృందానికి కొంత డబ్బు వృథా అవుతుంది. బంగారు తీగను గోల్డ్‌ఫిష్ అంటే చేతులు కట్టుకుని కూర్చుంటారు, రెండు మూడు ఏళ్లలో ఆ పిల్లలే గుడ్లు పెట్టే తల్లులవుతాయి. కాబట్టి ‘గోల్డ్‌ఫిష్’ అని రాయాలంటే మాకు ఎక్కువ సాక్ష్యం కావాలి.

వచ్చిన సమస్య

పిల్లలు చాలావరకు 12 నుంచి 22 మిల్లీమీటర్ల మధ్య ఉన్నాయి. పెద్ద సీసా ఫార్మలిన్‌ది, అంటే నమూనాలు కుళ్లకుండా దాచే మందుది. బఫర్ (ఆమ్లం పెరగకుండా ఆపే పదార్థం) కలపని ఫార్మలిన్‌లో, నెలల తరబడి, వెలుతురు తగిలే అరలో ఉండిపోయింది. ఒంటి మీది నల్ల చుక్కలు వెలిసిపోయాయి, పొలుసులు ఇంకా పూర్తిగా కట్టలేదు.

సీసాతోపాటు మూడు అభిప్రాయాలు కూడా వచ్చాయి. మీసాలు లేవు కాబట్టి గోల్డ్‌ఫిష్ అని ఒకరు. గొంతు పళ్ల ఫొటోలో రెండు వరుసలు కనిపిస్తున్నాయి కాబట్టి బంగారు తీగ అని ఇంకొకరు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు 32 వచ్చాయి, అది రెండు జాతులకూ మధ్య అంకె కాబట్టి సంకరం అని మూడోవారు. ఈ రెండు చేపలూ కలిసి నిజంగానే సంకర సంతానాన్ని ఇస్తాయి, అందుకే మూడో మాటనూ తేలిగ్గా తీసుకోలేకపోయాం. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే, ముగ్గురూ ఉన్నదాన్నే చూశారు. మా పని వాళ్లు చూసినదానికి అసలు అర్థం ఏమిటో తేల్చడం.

ముందు చూసినవి, తేలనివి

పైపై గుర్తులతోనే మొదలుపెట్టాం, ఎందుకంటే వాటితో నమూనా పాడవదు. వీపు వాజం, అంటే వీపు మీది ఈత రెక్క, పొడవుగా ఉంది. బంగారు తీగకూ గోల్డ్‌ఫిష్‌కూ ఇద్దరికీ అంతే. వాజంలో ముందుండే గట్టి ముల్లు వెనక అంచున రంపపు పళ్లు ఉండటం కూడా ఇద్దరికీ ఉమ్మడి లక్షణమే. గడ్డిచేప, వెండిచేప లాంటివాటిని పక్కన పెట్టడానికి ఈ రెండు గుర్తులూ బాగా పనికొస్తాయి, అసలు తగాదాను మాత్రం తీర్చవు. వాజ కిరణాల లెక్క తీస్తే రెండు జాతుల అంకెలూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

మీసాల సంగతి. పెద్ద బంగారు తీగకు రెండు జతల మీసాలుంటాయి, గోల్డ్‌ఫిష్‌కు అసలు ఉండవు. పుస్తకంలో ఇంతకంటే తేలికైన గుర్తు లేదు. కానీ బంగారు తీగ పిల్లకు మీసాలు ఆలస్యంగా వస్తాయి, వచ్చిన కొత్తలో నోటి మూలన చిన్న బొడిపెలా ఉంటాయి. మందులో ముడుచుకున్న పెదవి మడత కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. కాబట్టి మీసం స్పష్టంగా ఉంటే సాక్ష్యం, లేకపోతే ఏమీ కాదు.

డీఎన్ఏ ఎందుకు చేయలేదని ఎవరైనా అడుగుతారు. చేయించారు. ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది, ప్రొటీన్లతో అతికించేస్తుంది. జాతిని గుర్తించడానికి మామూలుగా వాడే పొడవైన ముక్క ఆ సీసా చేపల్లోంచి రాలేదు. వచ్చినా ఇంకో చిక్కు ఉంది. ఆ ముక్క మైటోకాండ్రియాది, తల్లి నుంచి మాత్రమే వస్తుంది. సంకర పిల్లను పరీక్షిస్తే తల్లి జాతి పేరు చెప్పి ఊరుకుంటుంది. సంకరం అన్న అనుమానం బల్ల మీద ఉన్నప్పుడు దాని మీద ఒక్కదాని మీదే ఆధారపడలేం.

ఎక్స్‌రే మేమూ తీయించాం. పెద్ద పిల్లల్లో వెన్ను కాస్త లీలగా కనిపించింది, చిన్నవాటిలో పొగమంచే.

రంగు వేశాక

ఎముకలు చూడ్డానికి వాడే పద్ధతి పాతదే. ఆల్సియన్ బ్లూ మృదులాస్థికి నీలం పట్టిస్తుంది, అలిజరిన్ రెడ్ కాల్షియం చేరిన ఎముకకు ఎరుపు పట్టిస్తుంది. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ కండను మెల్లగా కరిగించి ఒంటిని పారదర్శకం చేస్తుంది. తర్వాత పొటాషియం హైడ్రాక్సైడ్, గ్లిజరిన్ కలిపిన ద్రావణాల్లోంచి ఒక్కో మెట్టూ దాటించి చివరికి అచ్చమైన గ్లిజరిన్‌లోకి చేరుస్తాం, బూజు పట్టకుండా ఒక థైమాల్ పలుకు వేస్తాం. అన్నీ కుదిరితే గాజులాంటి ఒంట్లో నీలం, ఎరుపు అస్థిపంజరం పూసపూసకూ విడిగా కనిపిస్తుంది.

సీసా పరిస్థితి చూసి అన్నింటినీ ఒకేసారి రంగులో వేయలేదు. కొన్నింటినే పరీక్షగా వేశాం. నీలం అద్భుతంగా పట్టింది. వీపు వాజాన్ని లోపలి నుంచి మోసే ఆధారపు పుల్లలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి. ఎరుపు మాత్రం దాదాపు శూన్యం. పెద్ద పిల్లల్లో భుజం దగ్గరుండే క్లీత్రం ఎముక మీద, మొప్ప మూత మీద కాస్త గులాబీ జీర, అంతే. వెన్నుపూసల్లో రంగు లేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఎరుపు రాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. ఆ వయసుకు ఎముక ఇంకా గట్టిపడి ఉండకపోవచ్చు. లేదా గట్టిపడిన ఎముకలోంచి కాల్షియం తర్వాత కరిగిపోయి ఉండొచ్చు. మొదటిదైతే పిల్లలు చాలా లేతవని, గుర్తులు ఇంకా పుట్టలేదని అర్థం. రెండోదైతే ఎరుపు లేకపోవడానికి జాతితోగానీ వయసుతోగానీ సంబంధమే లేదు. బఫర్ లేని ఫార్మలిన్ కాలం గడిచేకొద్దీ ఫార్మిక్ ఆమ్లంగా మారుతుంది, ఆమ్లం కాల్షియాన్ని తినేస్తుంది. పైగా పాత పద్ధతిలో ఆల్సియన్ బ్లూను కలిపేదే ఎసిటిక్ ఆమ్లంలో. లేత ఎముకకు అది రెండో దెబ్బ.

రెండింటిలో ఏదో తేల్చడానికి చెవిరాళ్లు చూశాం. చేప తలలో, లోపలి చెవిలో కాల్షియం కార్బొనేట్ రాళ్లుంటాయి. పిల్ల గుడ్డులోంచి బయటికి రాకముందే ఇవి ఏర్పడతాయి కాబట్టి 12 మిల్లీమీటర్ల చేపలో ఉండకపోయే ప్రశ్నే లేదు. ఆమ్లం తగిలితే ఎముక కంటే ముందు కరిగేవీ ఇవే. రంగు వేయని పిల్లల్ని పోలరైజ్డ్ వెలుతురు (ఒకే తలంలో కంపించేలా వడగట్టిన వెలుతురు) కింద పెట్టి తల వైపు చూశాం. బాగా దాచిన చేపలో ఆ చోట మెరిసే చుక్కలు కనబడాలి. ఈ సీసా చేపల్లో చాలావాటికి ఆ చోటు ఖాళీగా ఉంది, కొన్నింటిలో అంచులు తినేసిన సుద్దముక్కలాంటి మిగులు కనిపించింది.

దాంతో ఫార్మలిన్ సీసా విషయంలో ఒక నియమం పెట్టుకున్నాం. నీలం చెప్పింది నమ్ముతాం, ఎరుపు ఉన్నచోట ఉన్నంత నమ్ముతాం, ఎరుపు లేకపోవడాన్ని దేనికీ వాడం. ఎక్స్‌రే మసకగా రావడానికి కూడా కారణం ఇదే అయి ఉంటుందని అప్పుడు అర్థమైంది. కాల్షియం పోయిన ఎముక ఎక్స్‌రేకు కనపడదు.

ఆల్కహాల్ సీసా

ఇంకేమైనా నమూనాలు ఉన్నాయా అని బృందాన్ని అడిగితే, అదే వలలో పడ్డ కొన్ని పిల్లల్ని తిండి పరిశీలన కోసం ఆల్కహాల్‌లో విడిగా పెట్టామన్నారు. వాళ్ల దృష్టిలో అది వేరే పనికి సంబంధించిన సీసా కాబట్టి మాకు పంపాలని తట్టలేదు. ఆల్కహాల్‌లో చేప వంకర పోతుంది, కుంచించుకుపోతుంది, కొలతలకు పనికిరాదు. కాల్షియం మాత్రం భద్రంగా ఉంటుంది. పోలరైజ్డ్ వెలుతురులో చెవిరాళ్లు చక్కగా మెరిశాయి.

వీటికి ఆమ్లం లేని పద్ధతి వాడాం. ఎసిటిక్ ఆమ్లం బదులు మెగ్నీషియం క్లోరైడ్ వేసి ఆల్సియన్ బ్లూ కలుపుతారు. జీబ్రాఫిష్ లార్వాల కోసం వాకర్, కిమ్మెల్ 2007లో ప్రచురించిన పద్ధతి ఇది. చిన్న చేపలకు ఇప్పుడు చాలామంది ఇదే వాడుతున్నారు.

దీంతోపాటు ఇంకో పని జరుగుతూ ఉంది. తల్లిదండ్రులు ఎవరో కచ్చితంగా తెలిసిన బంగారు తీగ పిల్లల్ని, గోల్డ్‌ఫిష్ పిల్లల్ని గుడ్డు పగిలిన దగ్గర్నుంచి ఒక్కో దశలో కొన్ని చొప్పున తీసి దాచిన వరసలు మా దగ్గర ఉన్నాయి. వాటిలోంచి ఈ సైజుకు అటూ ఇటూ ఉన్నవాటిని తీసి, అదే ద్రావణంలో, అదే బ్యాచ్‌లో రంగు వేశాం. వేరే రోజు, వేరే ద్రావణంలో వేసిన చేపతో పోలిస్తే తేడా జాతిదా, రంగుదా అన్నది మళ్లీ తగాదా అవుతుంది.

పోల్చేటప్పుడు పొడవును బట్టి జత కలపలేదు. చల్లటి నీళ్లలో పెరిగిన పిల్ల, వెచ్చటి నీళ్లలో పెరిగిన పిల్ల ఒకే పొడవున్నా ఒకే దశలో ఉండకపోవచ్చు. పైగా మందును బట్టి కుంచించుకుపోవడం కూడా మారుతుంది. తోక దగ్గర పృష్ఠవంశం (పూసలకంటే ముందే ఉండే మెత్తటి కడ్డీ) కొన పైకి వంగడం పూర్తయిందా, పొట్ట కింది కటి వాజాలు వచ్చాయా, వాజ కిరణాలకు కణుపులు పడ్డాయా, కొనలు చీలాయా అని చూసి దశను నిర్ణయించి, అదే దశలో ఉన్న తెలిసిన పిల్ల పక్కన పెట్టాం.

గొంతు పళ్లు

కార్ప్ కుటుంబం చేపలకు దవడల మీద పళ్లుండవు. మొప్పల వెనక, అయిదో మొప్పకమాను ఎముక మీద ఉంటాయి. పుర్రె అడుగున ఉండే గట్టి మెత్త మీద ఆ పళ్లతో తిండిని నూరుతుంది. ఆ పళ్ల అమరిక జాతిని బట్టి మారుతుంది. పెద్ద బంగారు తీగలో ఒక్కో పక్క మూడు వరుసలు: ప్రధాన వరుసలో మూడు, తర్వాతి వరుసల్లో ఒక్కోటి. అవి మన దవడపన్నుల్లా బల్లపరుపుగా ఉంటాయి. గోల్డ్‌ఫిష్‌లో ఒకే వరుస, నాలుగు పళ్లు, పక్కల నుంచి నొక్కినట్టు పలచగా. ఇంత తేడా ఉన్న గుర్తు ఇంకోటి దొరకడం కష్టం. పైగా చేప అస్థిపంజరంలో మొట్టమొదట గట్టిపడే ఎముకల్లో ఈ అయిదో కమాను ఒకటి, కాబట్టి చిన్న పిల్లలోనూ ఎరుపు పడుతుంది.

చిక్కల్లా ఏమిటంటే, పిల్లకు పెద్దచేప పళ్లు ఒక్కసారిగా రావు. ముందు ప్రధాన వరుస వస్తుంది, మిగతా వరుసలు తర్వాత చేరతాయి. మొదట్లో వచ్చే పళ్లు కూడా సన్నగా, కొన వంగిన శంకువుల్లా ఉంటాయి. బంగారు తీగ పళ్లకు ఆ నూరేరాయి రూపం పెరిగేకొద్దీ వస్తుంది. అంటే లేత బంగారు తీగ గొంతులో ఒకే వరుస సన్న పళ్లు చూసి గోల్డ్‌ఫిష్ అనుకోవడం చాలా సులువు.

దీనికి ఎదురు దిశలో ఇంకో ఉచ్చు ఉంది, ఫొటో పంపినవారు చూసిన ‘రెండు వరుసలు’ అదే. ఈ చేపలకు పళ్లు జీవితాంతం ఊడి కొత్తవి వస్తూనే ఉంటాయి. కొత్త పన్ను ఎముక లోపల తయారవదు. పక్కన మెత్తటి కణజాలంలో కిరీటం ముందు తయారై, తర్వాత వచ్చి ఎముకకు అతుక్కుంటుంది. రంగు వేసి పారదర్శకం చేస్తే, తన వంతు కోసం ఎదురుచూసే ఆ కిరీటాలన్నీ ఎర్రగా మెరుస్తూ ఉన్న వరుస పక్కన ఇంకో వరుసలా కనిపిస్తాయి. గోల్డ్‌ఫిష్‌కు కూడా!

ఫొటోలో ఈ తేడా తెలియదు, ఎందుకంటే కోణం ఒక్కటే. అందుకే కమానును బయటికి తీశాం. గ్లిజరిన్‌లో చేపను పక్కకి పడుకోబెట్టి, మొప్ప మూత ఎత్తి, సన్న సూదులతో క్లీత్రానికి ముందున్న సందులోంచి అయిదో కమానును రెండు పక్కలా విడిగా తీయాలి. పారదర్శకం అయిన చేప మెత్తగా ఉంటుంది, లాగితే పళ్లు ఊడిపోతాయి. చుట్టూ ఉన్న కండ తెగేదాకా ఓపిక పట్టాల్సిందే. బయటికి వచ్చాక సూదితో దాన్ని దొర్లిస్తూ అంచు వైపు నుంచి చూస్తే తెలిసిపోతుంది. అతుక్కున్న పన్నుకు పాదం ఉంటుంది, ఆ పాదం నుంచి ఎముకలోకి ఎరుపు తెగకుండా పారుతుంది. రాబోయే పన్నుకు పాదం లేదు, అడుగు తెరుచుకుని ఉంటుంది, ఎముకకూ దానికీ మధ్య రంగులేని సందు కనిపిస్తుంది. అది తాను భర్తీ చేయబోయే పన్ను పక్కనే, దాని జోడులా కూర్చుంటుంది. నిజమైన రెండో వరుస పన్నుకు ఎముక మీద తన సొంత చోటు ఉంటుంది. పన్ను అప్పుడే ఊడిపోయి ఉంటే ఆ చోట మచ్చ మిగులుతుంది, లెక్కలో దాన్నీ కలుపుకోవాలి.

ఇలా చూసేసరికి ఆల్కహాల్ సీసా చేపలు స్పష్టంగా రెండుగా విడిపోయాయి. ఎక్కువ భాగంలో, ముఖ్యంగా పెద్ద పిల్లల్లో, ఎముకకు అతుక్కున్న పళ్లే మూడు వరుసల్లో ఉన్నాయి. కొద్దివాటిలో ఒకే వరుస, నాలుగు పళ్లు, పక్కన తేలుతున్న కిరీటాలు. రెండో గుంపును వెంటనే గోల్డ్‌ఫిష్ అనలేదు. మా తెలిసిన బంగారు తీగ వరసలో రెండో వరుస మొదలయ్యే దశ ఏదో చూసి, ఆ దశ దాటినవాటి విషయంలోనే ‘రెండో వరుస లేదు’ అన్న మాటకు విలువిచ్చాం. దాటనివాటిని వెన్నుపూసల లెక్క వచ్చేదాకా పక్కన పెట్టాం.

వెన్నుపూసలు

వెన్నుపూసల మొత్తం లెక్క బంగారు తీగలో మామూలుగా 36, 37 దగ్గర, గోల్డ్‌ఫిష్‌లో 30 దగ్గర ఉంటుంది. మరి మూడోవారి 32 ఎక్కడిది?

ఎక్కడి నుంచి లెక్క మొదలుపెట్టారని అడిగితే విషయం బయటపడింది. కార్ప్, జెల్లల లాంటి చేపల్లో తల వెనకున్న మొదటి నాలుగు పూసలు మామూలు పూసల్లా ఉండవు. వాటి భాగాలు మారిపోయి, గాలితిత్తి అదురును లోపలి చెవికి చేరవేసే చిన్న ఎముకల గొలుసుగా తయారవుతాయి. వాటిని వర్ణించిన వెబర్ పేరుతో వెబేరియన్ ఎముకలంటారు. ఎక్స్‌రేలో అవి ఒకదాని మీద ఒకటి పడి గజిబిజిగా ఉంటాయి, పుర్రె నీడ కూడా వాటి మీదే పడుతుంది. కాబట్టి చాలామంది పక్కటెముక స్పష్టంగా కనిపించే పూస నుంచి మొదలుపెడతారు. అది తప్పేమీ కాదు, రాసేటప్పుడు ఆ ముక్క రాస్తే చాలు. ఈ 32 కూడా వెబేరియన్ పూసలు వదిలేసిన లెక్కే. మూడోవారు దాన్ని పోల్చింది మాత్రం వాటిని కలిపి ఇచ్చిన పుస్తకం అంకెతో. నాలుగు కలిపితే 36. సంకరం అన్న అనుమానానికి ఉన్న ప్రధాన ఆధారం అలా ఎగిరిపోయింది.

మా లెక్కకు ముందే పద్ధతి రాసుకున్నాం: వెబేరియన్ నాలుగూ కలపాలి, తోక చివర పైకి వంగిన కలగలుపు పూసను ఒకటిగా లెక్కించాలి. వెబేరియన్ భాగంలో పూసల ఒళ్లు ఒకదానితో ఒకటి కలిసిపోయే అవకాశం ఉంది కాబట్టి అక్కడ పై కమానులను కూడా చూసి సరిచూసుకోవాలి. ఇద్దరం విడివిడిగా, చీటీలు కప్పేసి లెక్కపెట్టాం. పళ్ల ఫలితం తెలిసినవాళ్లు వెన్ను లెక్కపెడితే, అనుమానం వచ్చిన చోట చెయ్యి తెలిసిన జవాబు వైపే మొగ్గుతుంది. అంకెలు కలవని చేపల్ని మళ్లీ చూశాం. దాదాపు ప్రతిసారీ గొడవ తోక చివరే, వెబేరియన్ దగ్గర కాదు. ఇది నేను ఊహించనిది.

మూడు వరుసల పళ్లున్న చేపలన్నీ 36 చుట్టూ వచ్చాయి. ఒకే వరుస ఉన్నవి 30 చుట్టూ. దశ చాలక పక్కన పెట్టిన చిన్నవాటిలో ఎక్కువ 36 వైపే చేరాయి. ఒకే వరుస పళ్లతో గోల్డ్‌ఫిష్‌లా కనిపించిన లేత బంగారు తీగలు అవే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుర్తులు ఒకే మాట చెప్పాకే పేరు రాశాం.

ఒకటి రెండు చేపలు మాత్రం లొంగలేదు. పూసల లెక్క మధ్యలో పడింది, పళ్లలో ఒక పక్క రెండో వరుసకు చిన్న పన్ను ఉంది, ఇంకో పక్క లేదు. సంకరాల్లో గుర్తులు సాధారణంగా రెండు జాతులకూ మధ్యస్థంగా ఉంటాయి, కాబట్టి అవి సంకరం కావచ్చు. పన్ను ఊడి మచ్చ కూడా మానిపోయిన మామూలు చేప కూడా కావచ్చు.

ఫార్మలిన్ సీసాకు తిరిగి

ఆల్కహాల్ సీసాతో నేర్చుకున్నాక పెద్ద సీసాను మళ్లీ చూశాం. ఎరుపు లేకపోయినా అక్కడ కొంత దొరుకుతుంది. వెన్నుపూసలు కనబడని పిల్లలో ఒంటి పక్క కండర ఖండాల్ని పోలరైజ్డ్ వెలుతురులో లెక్కపెట్టొచ్చు, వాటి సంఖ్య పూసల సంఖ్యకు దగ్గరగా ఉంటుంది. 30కీ 36కీ మధ్య తేడా పెద్దది కాబట్టి ఒకటి అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఇదే తేడా రెండో మూడో అయి ఉంటే ఈ పద్ధతికి సాహసించేవాణ్ణి కాదు. వీపు వాజం ఆధారపు పుల్లల నీలం లెక్కతో, ఇవన్నీ పొడవైన వీపు వాజమున్న ఈ రెండింటి గుంపువే, సరస్సులోని వేరే చిన్న చేపలు ఇందులో కలవలేదని కూడా తేలింది. తల, తోక దగ్గర ఖండాలు సరిగా కనపడని పిల్లల్ని ‘బంగారు తీగ లేదా గోల్డ్‌ఫిష్’ అని మాత్రమే రాశాం.

రిపోర్టు

బృందం అడిగిన ప్రశ్న “ఏ జాతి?” అని. జవాబు “రెండూ” అని వచ్చింది. ఎక్కువ భాగం బంగారు తీగ, కొద్దిగా గోల్డ్‌ఫిష్, ఒకటి రెండు తేలనివి. వాళ్లకు నచ్చనిది ఇంకోటి ఉంది. శాతాలు ఇవ్వమన్నారు, ఇవ్వలేదు. ఆల్కహాల్ సీసాలోకి పిల్లల్ని ఏరి వేసినవాళ్లు తిండి పరిశీలనకు వీలుగా పెద్దవాటినే ఏరారు. పెద్దవాటిలో ఒక జాతి ఎక్కువుంటే మొత్తం సరస్సులోనూ అదే నిష్పత్తి ఉంటుందని చెప్పడానికి లేదు. “రఫ్‌గానైనా ఒక అంకె చెప్పండి సార్” అని ఫోన్ మీద ఫోన్ వచ్చింది. రఫ్ అంకె ఒకసారి రిపోర్టులోకి ఎక్కితే వచ్చే ఏడాదికి అది కచ్చితమైన అంకె అయి కూర్చుంటుంది. వాళ్ల నిర్ణయానికి శాతం అవసరం కూడా లేదు. ఆ ఏడాది పుట్టిన బంగారు తీగ పిల్లలు ఉన్నాయంటే చాలు.

తేలని చేపల్ని ‘సంకరం’ అని రాయమని కూడా ఒత్తిడి వచ్చింది. వాటిని తేలనివిగానే ఉంచి, పక్కన ఏ గుర్తు ఎటు చెప్పిందో రాశాం.

బృందం కేసు మూసే ఆలోచన మానుకుంది. తర్వాతి గుడ్ల కాలంలో రెల్లు మొక్కల మధ్య వలలు వేస్తే పెద్ద బంగారు తీగలు దొరికాయి. ఈ చేప గుడ్లు నీటి మొక్కలకు అతుక్కుంటాయి కాబట్టి, గుడ్లు పెట్టిన వెంటనే నీటిమట్టం దించి వాటిని ఎండిపోనివ్వడం వాళ్లు ఎంచుకున్న దారి.

మా పనిలో మారినవి

నమూనాలు పంపేవాళ్లకు ఇచ్చే ఫారంలో కొన్ని గడులు చేరాయి. ఫార్మలిన్‌కు బఫర్ కలిపారా, ఏ బఫర్, ఎప్పుడు మార్చారు. అదే వల నుంచి వేరే పనికి తీసిన చేపలు ఇంకెక్కడైనా ఉన్నాయా; ఈ గడి ఇప్పటికే ఒకటికి రెండుసార్లు అక్కరకొచ్చింది. పూసల లెక్క ఎవరు పంపినా వెబేరియన్ కలిపారా లేదా అన్నది రాయకపోతే తిప్పి పంపుతాం. కాస్త మొరటుగా అనిపిస్తుంది కానీ తప్పదు.

ల్యాబ్‌లో ఇప్పుడు ఏ సీసా వచ్చినా రంగు కంటే ముందు చెవిరాళ్లు చూస్తాం. అయిదు నిమిషాల పని, నమూనాకు హాని లేదు, ఆ తర్వాత ఎరుపు రాకపోతే దాన్ని ఎలా చదవాలో ముందే తెలుస్తుంది. నోట్‌బుక్‌లో ‘లేదు’ అన్న మాట ఒంటరిగా రాయడం మానేశాం. ‘ఈ దశకు రావాలి, రాలేదు’, ‘ఈ దశకు ఇంకా రాదు’, ‘చూడలేకపోయాం’ అని మూడు వేర్వేరు గుర్తులు వాడుతున్నాం. కొత్తగా చేరినవాళ్లకు మొదట చాదస్తంలా ఉంటుంది. ఈ కేసు చేపల్ని చూపించి మూడింట్లో ఏది రాయాలో చెప్పమంటే అక్కడే వాదన మొదలవుతుంది, అది మంచిదే.

ఇంతకంటే చిన్న పిల్లల్ని, పృష్ఠవంశం కొన ఇంకా వంగనివాటిని, ఈ రెండు జాతుల మధ్య ఎముకలతో విడదీయమంటే ఒప్పుకోవడం లేదు. పూసల ఒళ్లు ఇంకా కట్టవు, పళ్లు రెండింటిలోనూ ఒకేలా ఉంటాయి. కండర ఖండాల లెక్క ఒక్కటే మిగులుతుంది, ఒక్క గుర్తు మీద పేరు రాయలేం. అలాంటివాటిని పట్టినప్పుడు కొన్నింటిని బఫర్ కలిపిన ఫార్మలిన్‌లో, కొన్నింటిని ఆల్కహాల్‌లో వేసి, మిగతావాటిని తొట్టిలో మీసాలు వచ్చేదాకా పెంచి చూడమని బృందాలకు చెబుతున్నాం.